ఏడాదికో పేరు

ఆ రోజుల్లో గుడివాడలో గడియారం ఉన్న ఇళ్ళు తక్కువ. గోవర్ధనరావుగారి రైసుమిల్లు కూతే ఊరికి గడియారం. పొద్దుటి కూతకి పిల్లలు పలకలు వెతుక్కునేవారు, సాయంత్రం కూతకి ఆడవాళ్ళు పొయ్యి రాజేసేవారు. ఆ కూత వేసేవాడు ఇంజను డ్రైవరు ఏసుపాదం. మనిషి బక్కపలచన, మాట మెత్తన. ఎప్పుడు చూసినా కళ్ళు సగం మూసుకుని దూరంగా ఏదో వింటున్నట్టుండేవాడు. మిల్లు కట్టిన మొదటిరోజున బాయిలర్లో తొలి నిప్పు వేసింది అతనే. అప్పటికింకా మీసం కూడా సరిగ్గా రాలేదు. ఇదంతా ఊరందరికీ తెలుసు. మిల్లు పుస్తకాల్ని అడిగితే మాత్రం, ఏసుపాదం అనేవాడెవడూ ఇక్కడ లేడంటాయి. ఇంజను దగ్గర ఉన్నవాడు గంగాధరం, వాడు చేరి ఇంకా ఏడాది కాలేదంటాయి.

అదెలాగంటారా? చెప్తాను, వినండి.

స్వతంత్రం వచ్చిన కొన్నేళ్ళకి కొత్త చట్టమొకటి వచ్చింది. ఏడాదిపాటు ఎడతెగకుండా పనిచేసినవాణ్ణి ఊరికే పొమ్మనడానికి వీల్లేదు, పొమ్మంటే పరిహారం ఇచ్చి మరీ పొమ్మనాలి. కూలిజనం సంతోషించారు. కానీ తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. మిల్లు గుమాస్తా అప్పారావు ఆ తల తన్నే రకం. బందరు వెళ్ళి ప్లీడర్ల వసారాల్లో నాలుగు రోజులు కాఫీలు తాగి ఉపాయం పట్టుకొచ్చాడు. ఏటేటా భాద్రపదంలో, మిల్లులో పని పలచబడ్డాక, అందరికీ ఒకే రోజున ఉద్వాసన. వారం తిరిగాక గేటు తీసి, ఆ మనుషుల్నే కొత్తవాళ్ళుగా చేర్చుకోవడం. పాత పేరు రాస్తే పాతవాడే అవుతాడు గనక ప్రతివాడికీ కొత్త పేరు. చట్టం వచ్చి చూసుకోనీ, మిల్లులో ఏడాది దాటినవాడు ఒక్కడంటే ఒక్కడు కనబడడు.

గోవర్ధనరావుగారు దుర్మార్గులనుకునేరు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన చెయ్యి పెద్దది. ఉద్వాసన రోజున మిల్లు ఆవరణలో విస్తళ్ళు వేయించి పులిహోర, బూరెలు పెట్టించేవారు. "అన్నం పెట్టకుండా ఎవర్నీ గడప దాటించకూడదోయ్" అంటూ తానే నేతిగిన్నె పట్టుకుని వరసలో తిరిగేవారు. కూలీలు కడుపారా తిని, చేతులు కడుక్కుని, ఆయనకి దణ్ణం పెట్టి, ఉద్యోగం పోగొట్టుకుని ఇళ్ళకి వెళ్ళేవారు. తిడదామన్నా నోరు రాదు. నోటినిండా బూరె ఉంటే ఎలా తిడతారు చెప్పండి?

ఇక చేర్చుకునే రోజు ఇంకో తమాషా. గేటు దగ్గర బల్ల వేసుకుని అప్పారావు ఒక్కొక్కడికే పేరు పెట్టేవాడు. ఒక ఏడు అందరికీ దేవుళ్ళ పేర్లు పెట్టాడు. ఇంకో ఏడు తన అత్తవారి వైపు బంధువుల పేర్లన్నీ కూలీలకి పెట్టి, సంవత్సరం పొడుగునా ఆ పేర్లతో నోరారా తిట్టుకున్నాడు. కూలీలకీ అది నవ్వులాటే అయింది. "ఏరా, ఈ ఏడు నువ్వెవడివి?" "నేనా, కోటీశ్వరరావుని! వంగి మాట్లాడు!" ఇలా ఉండేది సంబరం. నవ్వక ఏం చేస్తారు? ఏడిస్తే పెట్టేవాడెవడు?

అందరూ ఒక పూట నవ్వి మరిచిపోయేవారు. ఏసుపాదం అలా కాదు. అతను కలల మనిషి. ఇంజను గదిలో ఊక మంట ఎర్రగా వెలుగుతుంటుంది, పెద్ద చక్రం తిరుగుతుంటుంది, తోలు బెల్టు గోడకన్నంలోంచి అవతలి గదిలోకి వెళ్ళి మళ్ళీ వస్తుంటుంది. కిటికీలోంచి పడే ఎండలో తవుడు దుమ్ము మెల్లిమెల్లిగా తేలుతుంటుంది. ఆ చప్పుడు కొత్తవాళ్ళ చెవులకి చిల్లులు పొడుస్తుంది గానీ అతనికి జోల పాడేది. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే మనసు ఎటో వెళ్ళిపోయేది.

ఆ మనసుకి అప్పారావు పెట్టిన పేరు దొరికిందా, ఇక చూసుకోండి. రంగనాథం అని పెట్టిన ఏడు, ఆ రంగనాథానికి ఘంటసాల పక్కన మాగాణి ఉన్నట్టూ, పొద్దున్నే గట్టు మీద నిలబడి నీళ్ళు పెట్టించుకుంటున్నట్టూ, పచ్చటి చేలో కొంగలు వాలినట్టూ కలగనేవాడు. ఆ ఏడంతా పంచె కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని నడిచాడు. సత్యనారాయణ అయిన ఏడు బందరు రేవులో ఓడ ఎక్కి ఎక్కడెక్కడో తిరిగొచ్చాడు. అక్కడి ఊళ్ళలో ఇళ్ళు నీళ్ళ మీద కట్టుకుంటారని భార్య ధనమ్మకి చూసినట్టే చెప్పాడు. మాణిక్యం అయిన ఏడు నాటకాల కంపెనీలో హార్మోనిస్టయ్యాడు. తెల్లారకుండానే లేచి రాగాలు తీస్తుంటే ధనమ్మ నెత్తి కొట్టుకుంది.

"కోడి కూడా లేవలేదు, ఈ గోలేంటి మావా?"

"నేను కాదే, మాణిక్యం పాడుతున్నాడు."

"ఆ మాణిక్యాన్ని నిప్పుల్లో పెట్ట! వాడెవడో నా ఇంట్లో ఎందుకున్నాడంట?"

ధనమ్మ అతని సొంత మేనకోడలే. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఈ పేర్ల వ్యవహారం ఆవిడకి మొదటినుంచీ కంటగింపు. బాప్తిస్మం ఇచ్చి పెట్టిన పేరుండగా ఈ అప్పారావెవడు మళ్ళీ పెట్టడానికి అని పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకుంది. పాస్టరుగారు నవ్వేసి, "ప్రభువుకి నీ భర్త అసలు పేరు తెలుసులేమ్మా" అన్నారు.

"ప్రభువుకి తెలిస్తే చాలాండీ? గుమాస్తాకి తెలియొద్దా?" అంది ధనమ్మ.

ఉద్వాసనకీ మళ్ళీ చేరడానికీ మధ్య ఉన్న వారం రోజులూ మొగుడూ పెళ్ళాం దివిసీమ వెళ్ళేవారు. నాగాయలంక అవతల ఏటి ఒడ్డు పల్లెలో ధనమ్మ అన్న సీమోను ఉండేవాడు. గుడివాడ నుంచి పామర్రు, పామర్రులో బస్సు మారి అవనిగడ్డ. దారిలో పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీదుగా కాలవ పోతుంది. కింద ఏరు, పైన కాలవ. నది మీద నది నడుస్తున్నట్టుండే ఆ చోటికి వచ్చేసరికి ఏసుపాదం ఒళ్ళు తేలికైపోయేది. పాత పేరు మిల్లు గేటు దగ్గర వదిలేశాడు, కొత్తది ఇంకా ఇవ్వలేదు. ఈ ఏడు రోజులూ తను ఎవడూ కాడు. కూత వెయ్యక్కర్లేదు, నిప్పు చూడక్కర్లేదు. ఆ వారమంతా సీమోను పడవలో వెల్లకిలా పడుకుని, అలలు ఎటు ఊపితే అటు ఊగేవాడు.

సీమోనుది వెక్కిరింపు నోరు. "మావయ్యా, నీది ఉద్యోగమా, ఏటేటా పురుడు పోసుకోవడమా?" అనేవాడు. ఏసుపాదం నవ్వి ఊరుకునేవాడు.

మాణిక్యం పేరు వదిలేసి వచ్చిన భాద్రపదంలో ఒక సంగతి జరిగింది. మధ్యాహ్నం. మబ్బు పట్టి ఏరూ ఆకాశమూ ఒకే రంగుకి వచ్చాయి. పడవ ఎక్కడ తేలుతోందో, పైన ఉందో కింద ఉందో తెలియకుండా ఉంది. ఏసుపాదం మగత నిద్రలో ఉన్నాడు. ఒడ్డున ఎవరో ఎవర్నో కేకేశారు. తననే అనుకుని ఉలిక్కిపడి లేచాడు. తనని కాదు. మరి తనని పిలవాలంటే ఏమని పిలవాలి? రంగనాథం గుర్తొచ్చాడు. సత్యనారాయణ గుర్తొచ్చాడు. మాణిక్యం గుర్తొచ్చాడు. తన పేరు మాత్రం రాలేదు. నాలిక చివరికి కూడా రాలేదు. పడవ అంచు పట్టుకుని చాలాసేపు నీళ్ళవంక చూస్తూ కూర్చున్నాడు. ఎప్పటికో, చిన్నప్పుడు తల్లి అన్నానికి పిలిచిన గొంతు చెవిలో మెదిలి, దాని వెనకాలే పేరు వచ్చింది. అంత భయం అతను పుట్టి ఎరగడు. ఎవరితోనూ చెప్పలేదు.

ఆ తర్వాత గంగాధరం అనే పేరు పెడితే తలవంచి తీసుకున్నాడు గానీ, ఆ గంగాధరం పేరు మీద ఒక్క కలా కనలేకపోయాడు. ఇంజను ముందు కూర్చుని తన పేరు తానే లోపల అనుకునేవాడు. ఏసుపాదం, ఏసుపాదం. చక్రం తిరిగినంతసేపూ అదే.

ఆ ఏడే మిల్లుకి ఇరవై అయిదేళ్ళు నిండుతున్నాయి. శ్రావణమాసంలో పెద్ద ఉత్సవం చెయ్యాలని గోవర్ధనరావుగారు సంకల్పించారు. ఒక సాయంత్రం ఆయన తానుగా ఇంజను గదిలోకి వచ్చారు. ఆయన అక్కడికి వచ్చి ఎన్నేళ్ళయిందో! చేతికర్రతో బాయిలరు తలుపు మీద కొట్టి, "ఒరే ఏసుపాదం" అన్నారు.

ఇంకొకరి నోట ఆ పేరు విని ఎంతకాలమైంది!

"ఏం బాబుగారూ?"

"మొదటిరోజు ఇందులో నిప్పు వేసింది నువ్వే కదరా. నాకు బాగా గుర్తు, చెయ్యి కూడా కాల్చుకున్నావు. మన ఉత్సవంలో అందరికంటే పాతవాడికి శాలువా కప్పాలనుకుంటున్నా. అది నీకే. మైకులో పేరు పెట్టి పిలుస్తా, లేచి రా. సరేనా?"

"చిత్తం బాబుగారూ" అన్నాడు ఏసుపాదం. ఆయన వెళ్ళిపోయాక గోడకి జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు సంతోషం వల్లేనని చెప్పాలా?

అప్పట్నుంచీ కలలు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు వచ్చేది ఒకటే కల. పందిట్లో వేలమంది జనం, మైకులోంచి తన పేరు బయల్దేరి ఊరి కాలవ దాటి, పామర్రు దాటి, ఏటి మీద కాలవ దాటి, దివిసీమలో సముద్రం దాకా వెళ్ళేది. దారిలో ఉన్న కొంగలన్నీ లేచేవి. ఆ ఒక్క పిలుపు చాలు, ఇక అప్పారావు ఏడాదికి పది పేర్లు పెట్టుకోనీ, తన పేరు తనకి మళ్ళీ పోదు అనుకున్నాడు. ఆ మాట ధనమ్మతో చెప్పాడు, పడవలో పట్టుకున్న భయం కూడా అప్పుడే చెప్పాడు. మర్నాడే ధనమ్మ పెడన వెళ్ళి మగ్గం మీది తెల్లగుడ్డ తెచ్చి అతనికి చొక్కా కుట్టించింది. వెక్కిరించే అన్నకి కబురు పెట్టి మరీ పిలిపించింది.

ఉత్సవం రోజు రానే వచ్చింది. మిల్లు ఆవరణలో తాటాకు పందిరి, మామిడి తోరణాలు. బందరు నుంచి పెద్ద ఆఫీసరొకాయన వచ్చాడు, ఆయన వెంట కార్మికశాఖ ఆఫీసరు కూడా వచ్చాడు. ఇద్దర్నీ గోవర్ధనరావుగారి పక్కనే కూర్చోబెట్టారు. అప్పారావు మూడుసార్లు వేదిక ఎక్కి యజమాని చెవిలో ఏదో చెప్పి దిగాడు. ఆయన మొహం చిట్లించారు. ఏసుపాదానికి ఇవేవీ కనబడలేదు. ముందు వరసలో ధనమ్మా సీమోనూ, వాళ్ళ వెనక తను. కొత్త చొక్కా గరగరలాడుతోంది. మైకు గొంతు ఏటి అవతలి నుంచి వస్తున్నట్టుంది.

గోవర్ధనరావుగారు మాట్లాడడానికి లేచారు. మిల్లు ఎలా కట్టిందీ చెప్పారు, యుద్ధం రోజుల్లో పడిన కష్టాలు చెప్పారు. చివరికి శాలువా చేతిలోకి తీసుకున్నారు.

"మిల్లు పుట్టిన రోజునుంచీ ఈ రోజుదాకా, ఎండనక వాననక, ఒక్కనాడు నాగా పెట్టకుండా, నోరెత్తి ఒక్క మాట అడక్కుండా, నాకు అన్నం పెట్టిన..."

ఏసుపాదం లేచి నిలబడ్డాడు.

గోవర్ధనరావుగారు చూశారు. ఆయన గొంతు ఒక్క క్షణం ఆగింది. పక్కన కార్మికశాఖ ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. గోవర్ధనరావుగారు చూపు తిప్పుకున్నారు.

"...మన ఇంజనుకి ఈ శాలువా కప్పుతున్నాం" అన్నారు.

పందిరి ఎగిరిపోయేలా చప్పట్లు. మధ్యలో ఏసుపాదం ఒక్కడే నిలబడి ఉన్నాడు. కూర్చోవాలని కూడా తోచలేదు. శాలువా తీసుకెళ్ళడానికే లేచాడనుకున్నారు జనం. గోవర్ధనరావుగారు అతని వైపు చూడకుండానే, "ఒరే గంగాధరం, నువ్వే కప్పరా, నీకైతే అలవాటు" అన్నారు.

కప్పాడండీ. ఏం చేస్తాడు? కాళ్ళు ఇంజను గదికి తీసుకెళ్ళాయి, చేతులు కప్పాయి. ఎప్పుడూ అలవాటున్న చేతులు గనక, అంచు చక్రంలో పడకుండా జాగ్రత్తగా మడిచి మరీ కప్పాయి. తన చేత్తో తుడిచి, నూనె పోసి, పిల్లలా చూసుకున్న ఇంజను మీద అతనికి ఆ క్షణాన అసూయ పుట్టింది. దానికి పేరు మార్చలేదు. దానికి ఉద్వాసన చెప్పలేదు. బందరు నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు కెమేరా నిలబెట్టుకుని, "కొంచెం పక్కకి జరగవయ్యా, ఇంజను కనబడ్డం లేదు" అన్నాడు. ఏసుపాదం పక్కకి జరిగాడు.

జనం భోజనాలకి లేచాక అప్పారావు అతన్ని పట్టుకుని గొణిగాడు. "ఏం చేస్తాంరా, ఆఫీసరు పక్కనే కూర్చున్నాడు. నువ్వు ఇరవై అయిదేళ్ళుగా ఇక్కడున్నవాడివని మైకులో చెప్తే, రేపు మీరంతా పాతవాళ్ళేనని తేలిపోదూ? మిల్లు కొంప మునుగుతుంది." సీమోనుకి ఆ రోజు ఒక్క వెక్కిరింపూ నోట రాలేదు. మేనమామ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అదే ఎక్కువ బాధించింది ఏసుపాదాన్ని. "ఇంటికి పోదాం పద మావా" అంది ధనమ్మ. ముగ్గురూ భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల తర్వాత గోవర్ధనరావుగారు మళ్ళీ ఇంజను గది గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రాలేదు. "మనసులో పెట్టుకోకురా. ఇంజనేమన్నా నీకు పరాయిదా? ఆ శాలువా నువ్వే పట్టుకుపో" అన్నారు.

"దానికిచ్చింది కదా బాబుగారూ. దాన్నడిగి ఇప్పించండి" అన్నాడు ఏసుపాదం, నిప్పు మీంచి చూపు తిప్పకుండా. ఆయనతో అంత మాట అనడం అదే మొదలు. గోవర్ధనరావుగారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. తల దించుకుని వెళ్ళిపోయారు.

భాద్రపదం వచ్చింది. ఉద్వాసన అయింది. నెయ్యి వడ్డిస్తూ వచ్చిన గోవర్ధనరావుగారు ఏసుపాదం విస్తరి దగ్గర ఆగి, అందులో అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉండడం చూసి ముందుకి సాగారు. దివిసీమలో ఆ వారం ఏసుపాదం పడవ ఎక్కలేదు. ఒడ్డున రెల్లు పక్కన కూర్చునేవాడు. ఏరు సముద్రం వైపు పోతూనే ఉంది. ఆఖరి రోజు ధనమ్మ పక్కన వచ్చి కూర్చుంది.

"ఈసారి నా పేరు రాస్తేనే చేరతానంటానే" అన్నాడు.

"రాయనంటే?"

రాయనంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. గుడివాడలో వాళ్ళకి సొంత ఇల్లు లేదు, మిల్లు వెనక పాకే ఇల్లు. నిప్పు వెయ్యడం, కూత వెయ్యడం తప్ప అతని చేతికి ఇంకో పని రాదు. వయసు కూడా వెనక్కి రాదు.

"నేనూ వస్తా గేటు దగ్గరికి" అంది ధనమ్మ.

ఆడవాళ్ళు ఆ వరసలోకి వచ్చే అలవాటు లేదు. ధనమ్మ వచ్చి మొగుడి పక్కన నిలబడేసరికి అందరూ వింతగా చూశారు. వసారాలో పడక్కుర్చీలో గోవర్ధనరావుగారు ఉన్నారు. బల్ల ముందు వంతు వచ్చింది. అప్పారావుకి కూడా లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటున్నట్టుంది, మొహాన లేని నవ్వు తెచ్చుకున్నాడు.

"రారా, రా. ఈ ఏడు నీకోసం మంచి పేరు దాచిపెట్టా. చక్రవర్తి! ఎలా ఉంది?"

ఏసుపాదం నోరు తెరిచాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, ఏళ్ళ తరబడి అలవాటైన చోట ఆగిపోయింది. "చిత్త..." అన్నాడు.

అతని తప్పు లేదండీ. పాతికేళ్ళు వంగిన నడుము ఒక్క పూటలో నిటారు కాదు. పడవలో ఆ మధ్యాహ్నం లాగే తన పేరు మళ్ళీ చేజారిపోతోంది.

"చక్రవర్తి కాదండీ" అంది ధనమ్మ. "ఆయన పేరు ఏసుపాదం."

ఆ కాలంలో ఆలి నోట మొగుడి పేరు రావడమంటే మాటలా! పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని అందరి నమ్మకం. గుళ్ళోకి వెళ్ళేవాళ్ళకైనా, చర్చికి వెళ్ళేవాళ్ళకైనా ఈ ఒక్క దగ్గర భేదం లేదు. ధనమ్మ కాపురానికి వచ్చినప్పట్నుంచీ మావా అనడమే తప్ప ఆ పేరు నాలిక మీదికి రానివ్వలేదు. ఇప్పుడు గేటు ముందు, పదిమంది మగవాళ్ళ మధ్య, గొంతెత్తి చెప్పింది. చెప్పి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పేరుగలవాడు ఎప్పుడో మానేశాడమ్మా" అన్నాడు అప్పారావు మెల్లిగా. "మళ్ళీ ఆ పేరు రాస్తే మొదలంటా తవ్వుతారు. నా చేతిలో లేదు." అని వసారా వైపు చూశాడు.

అందరూ చూశారు. గోవర్ధనరావుగారు కుర్చీలోంచి లేచారు. ఏదో అంటారనుకున్నారు. ఉత్తరీయం సర్దుకుని, లోపలికి వెళ్ళి తలుపు చేరవేసుకున్నారు.

"అయితే సెలవండీ" అంది ధనమ్మ.

వెనక ఉన్న ఫైర్‌మేనుని, ఏసుపాదం కింద నిప్పు చూసేవాణ్ణి, అప్పారావు ముందుకి పిలిచి చక్రవర్తి పేరు వాడికి పెట్టాడు. వాడు ఏసుపాదం మొహంలోకి చూడలేకపోయాడు. వాడికీ పెళ్ళాం పిల్లలున్నారు, వాణ్ణేమంటాం? పాకలో ఉన్న నాలుగు గిన్నెలూ మూట కట్టుకుని మొగుడూ పెళ్ళాం రోడ్డెక్కేసరికి మిల్లు కూత వేసింది. సరిగ్గా వేళకి, ఎప్పుడూ వేసే తీరునే వేసింది. ఇంజను ఏమీ బెంగపెట్టుకోలేదు. ఏసుపాదం కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా నడిచాడు.

బస్సులో కూర్చున్నాక అన్నాడు. "ఏం తిని బతుకుతామే?"

"నాకు రెక్కలున్నాయి. మా అన్నకి పడవుంది. గంజి తాగైనా బతుకుతాం" అంది ధనమ్మ. గొంతులో ధీమా సగమే ఉంది.

కిటికీ పక్కన వరిచేలు వెనక్కి పోతున్నాయి. మబ్బు కింద పచ్చదనమంతా ఒకటే మెత్తటి నీడలా ఉంది. ఏసుపాదం భార్య వైపు వంగి, గుసగుసగా, "ఇంకోసారి అనవే" అన్నాడు.

"ఏంటి?"

"ఇందాక గేటు దగ్గర అన్నావే, అది."

"సిగ్గు లేదా మావా, బస్సులో జనం ఉన్నారు" అని మొహం అటు తిప్పుకుంది. ఎంత బతిమాలినా మళ్ళీ ఆ మాట నోటికి రానివ్వలేదు.

పామర్రులో దిగారు. ఆ రోజు సంత కాబోలు, సెంటరంతా జనమే. అవనిగడ్డ బస్సు అప్పుడే వచ్చి ఆగింది. మూట నెత్తిన పెట్టుకుని ధనమ్మ ముందు పరుగెత్తి మెట్టు మీద నిలబడి చూస్తే, వెనక మొగుడు లేడు. ఏ ఆలోచనలో పడ్డాడో, జనంలో ఎటు కొట్టుకుపోయాడో! కండక్టరు బయల్దేరమని గంట కొట్టేస్తున్నాడు. మావా అని కేకేసింది. ఆ సెంటర్లో ఉన్న మావయ్యలు డజనుమంది ఇటు తిరిగారు. ధనమ్మ ఇక ఆయుష్షు చూసుకోలేదు, సిగ్గు చూసుకోలేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "ఏసుపాదం! ఓ ఏసుపాదం!" అని పామర్రు పామర్రంతా వినబడేలా పిలిచింది.

సోడాబండి పక్కనే నిలబడి ఉన్నాడతను. మొదటి కేకే చక్కగా వినబడింది. బస్సు కదులుతోందని కూడా తెలుసు. అయినా ఆవిడ ఇంకోసారి పిలిచేదాకా పలకలేదు.